దయయు లెక్కయు

దయ ధర్మమునకు మూలమని బసవేశ్వరుని మార్గమున నడచు మనకు ఎవరును క్రొత్తగా చెప్పనక్కరలేదు. మన పిల్లలు అక్షరములు దిద్దుటకు పూర్వమే ఆ మాట విందురు. బసవజయంతి సభలో వక్త మొదట పలుకునదియు అదియే. ఆశీర్వచనమున స్వాములవారు తుదకు పలుకునదియు అదియే. అయితే ఆ దయకు ఇంత వెల యని చీటి వ్రాసి మన చేతికిచ్చినపుడు ఏమి చేయవలయునన్న ప్రశ్నను ఏ సభలోను ఎవరును వేయగా నేను వినలేదు. దయ కలదా లేదా యని అడుగుట సులభము. ఎంతవరకు, ఎవరి ధనముతో, ఇంటిలో ఎవరికి ఏమి తగ్గించి యని అడుగుట కష్టము. ఆ కష్టమైన ప్రశ్ననే ఇచ్చట పరిశీలింపదలచితిని.

ఈ ప్రశ్న నాకు అమెరికానుండి వచ్చినది. టెక్సాస్ రాష్ట్రమున హ్యూస్టన్ నగరమునకు చేరువలో మా బంధువర్గములోని దంపతులు నివసించుచున్నారు. అంగడి వెనుక వాహనములు నిలుపు చోట ఆకలితో తిరుగుచున్న ఒక శునకమును వారు ఇంటికి తెచ్చిరి. అది బూడిదరంగుది గనుక 'విభూతి' యని పేరు పెట్టిరి. (ఈ నామకరణము ఇచ్చటి పెద్దలకు రుచింపలేదు. ఆ చర్చ వేరు.) టీకాలకై పశువైద్యుని యొద్దకు కొనిపోగా, రక్తపరీక్షలో దాని దేహమున హృదయక్రిములు కలవని తేలినది. చికిత్సకు వెయ్యి డాలర్లకు పైబడి యగునని అంచనాచీటి ఇచ్చిరి. ఆ యింట ఒక్కరికే ఉద్యోగము. ఏడాది నిండని శిశువు కలదు. ఆ యమ్మాయి నాకు ఇట్లు వ్రాసినది: "పెదనాన్నగారూ, తెచ్చినది తప్పా? మరల ఎవరికైనను అప్పగించిన పాపమా? తక్కువ ఖర్చు వైద్యము చేయించిన దానిని మోసగించినట్లా?"

మూడును మంచి ప్రశ్నలే. అయినను వ్యాధి ఎట్టిదో తెలియక ధర్మనిర్ణయము చేయుట, రోగిని చూడకయే మందు వ్రాయుటవంటిది. కావున ముందు వ్యాధిని గూర్చి చెప్పెదను.

బోదకాలు మన తెలుగువారికి క్రొత్త కాదు. ముఖ్యముగా కోస్తా జిల్లాలవారు దానిని తరతరములుగా ఎరుగుదురు. ఆ బోదకాలు పురుగునకు దాయాదియే ఈ హృదయక్రిమి. రెండును దోమకాటువలననే సంక్రమించును. రోగియైన శునకమును కుట్టిన దోమ మరియొక శునకమును కుట్టినపుడు సన్నని పిల్లక్రిములు చర్మములో ప్రవేశించి, ఆరేడు నెలలకు పెరిగి, ఊపిరితిత్తులకు పోవు రక్తనాళములలోను, గుండె కుడిభాగమునను కాపురముండును. ఆడుక్రిమి సుమారు 30 సెంటీమీటర్ల వరకు పెరుగును. 5 మొదలు 7 ఏండ్లు జీవించును. నూలుపోగులవలె అవి చుట్టుకొనియుండగా శునకము దగ్గును, ఆయాసపడును, చిక్కిపోవును, తుదకు గుండె చెడి మరణించును. అమెరికాలో మిస్సిసిపీ నది వెంబడిని, మెక్సికో సింధుశాఖ తీరమునను ఈ వ్యాధి అధికము. 2005లో కత్రినా తుపాను పిమ్మట ఆ ప్రాంతపు అనాథశునకములను దయాళువులు దూరరాష్ట్రములకు కొనిపోగా, వానితోపాటు వ్యాధియు వెడలినది. ఇంటనున్న శిశువును గూర్చి భయపడనక్కరలేదు. శునకమునుండి మనుష్యునకు ఇది సూటిగా అంటదు; దోమమూలమున కదాచిత్తుగా చేరినను మనుష్యదేహమున సాధారణముగా పెరిగి నిలువలేదు.

ఇచ్చట ఒక మాట చెప్పక పోజాలను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనశాలకు అధిపతియై, తమ సహచరులతో గూడి బోదకాలునకు 'హెట్రజాన్' అను మందును 1947లో వెలువరించిరి. మన గ్రామములలో బోదకాలు నివారణకై ఇంటింట పంచుచు వచ్చిన మాత్ర అదియే. నెలకొకమారు ఇచ్చు ఐవర్‌మెక్టిన్ మాత్ర 1987లో వచ్చువరకు అమెరికాలోని శునకములకు హృదయక్రిమి సోకకుండ దినదినము ఇచ్చిన మందును అదియే. తన యూరివారి కాళ్లవాపునకు పనికివచ్చిన మందు పరదేశపు శునకములనుగూడ కాపాడినది. ఐవర్‌మెక్టిన్‌కు మూలమైన పరిశోధనకై జపానుకు చెందిన సతోషి ఒమురాకును, విలియం క్యాంబెల్‌కును 2015లో నోబెల్ బహుమానము లభించినది. నివారణమునకు నెలకొక మాత్ర చాలును. దాని వెల స్వల్పము. కాని అనాథశునకమునకు ఆ మాత్ర వేసినవారెవరు? వేయువారు లేకపోవుటచేతనే గదా అది అనాథ యైనది!

వ్యాధి కుదిరిన పిమ్మట చికిత్స వేరు. మొదట డాక్సిసైక్లిన్ అను మందును నాలుగు వారములు ఇత్తురు. క్రిమి దేహములో నివసించు ఒక సూక్ష్మజీవిని అది చంపి, క్రిమిని దుర్బలపరచును. మొదటినుండి సుమారు రెండు నెలలకు మెలార్సొమిన్ అను మందును నడుము కండరములలో లోతుగా సూదితో ఎక్కింతురు. మరియొక నెలకు రెండవ సూది, దాని మరునాడే మూడవ సూది. అమెరికా ప్రభుత్వము 1995లో అనుమతించిన ఈ మందు ఆర్సెనిక్‌నుండి, అనగా మన వైద్యులు పాషాణమని పిలుచు విషద్రవ్యమునుండి చేసినది. మందు ఖరీదైనది, తూకమునుబట్టి మోతాదు గనుక పెద్ద శునకమునకు మరింత ఖరీదు. చీటిలోని మొత్తమున పెద్దభాగము ఈ సూదులది, ఛాయాచిత్రపరీక్షలది.

అయితే ఈ చికిత్సలో మిక్కిలి ముఖ్యమైన భాగము ఒకటి కలదు; అది చీటిలో కనబడదు. మందు తగిలిన క్రిములు చచ్చి ముక్కలై ఊపిరితిత్తుల నాళములలో చిక్కుకొనును. ఆ దినములలో శునకము పరుగెత్తినను, ఎగిరి దుమికినను, గుండె వేగము హెచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున వ్యాధి తెలిసిన దినము మొదలు చివరి సూది పిమ్మట ఆరు మొదలు ఎనిమిది వారముల వరకు, అనగా ఇంచుమించు ఐదు నెలలు, దానిని బోనులోనో, చిన్నగదిలోనో నెమ్మదిగా ఉంచవలయును. మలమూత్రములకు మాత్రము పగ్గముతో నడిపించి తేవలయును. తలుపు తట్టిన శబ్దమునకు అది ఉలికిపడి గంతులు వేయకుండ చూడవలయును. ఇది ఏ ఔషధశాలలోను అమ్మరు. దీనికి డాలర్లు పనికిరావు.

చికిత్స వెలను రెండుగా విభజించి చూచుట నేర్చుకొనవలయునని నా మతము. ఒకటి ధనము. రెండవది పాటు, మన పరిభాషలో కాయకము. ధనభాగమును పదిమంది పంచుకొనవచ్చును. కాయకభాగమును ప్రాణిని ఇంటికి తెచ్చినవాడే చేయవలయును. దానిని పంచిపెట్టుట సాధ్యము కాదు. దయను గూర్చి మనము చేయు ప్రసంగములు సాధారణముగా ధనభాగముపైననే నిలిచిపోవును. ధనము చాలని పేదవాడు తనకు దయ చేయు యోగ్యతయే లేదనుకొని సిగ్గుతో తప్పుకొనును. ధనికుడు చెక్కు వ్రాసి ఇచ్చి తన పని ముగిసినదనుకొనును. ఇద్దరును పొరపడుచున్నారు.

ఇక ఆమె వేసిన చివరిప్రశ్నను ముందు తీసికొందును. తక్కువ ఖర్చు మార్గము నిజముగనే కలదు. సూదులు లేకుండ, నెలనెల నివారణౌషధమును, డాక్సిసైక్లిన్‌ను ఇచ్చుచు క్రిములు క్రమముగా నశించువరకు వేచియుండుట ఆ మార్గము. ఏడాదియో, రెండేండ్లో, అంతకు మించియో పట్టవచ్చును. ఆ కాలమంతయు క్రిములు లోపల హాని చేయుచునేయుండును. అమెరికాలోని హృదయక్రిమి నిపుణుల సంఘము దీనిని మేలైన చికిత్సగా ఒప్పుకొనదు; సూదులు సాధ్యము కానిచో మాత్రము దీనిని అవలంబింపవచ్చునని చెప్పును. గమనింపవలసినదేమన, ఇది ధనమున చౌక, కాయకమున కాదు. శునకమును నెమ్మదిగా ఉంచవలసిన కాలము ఇందు మరింత దీర్ఘము. ఇది తెలిసి, వైద్యుని యెదుట ఉన్నమాట చెప్పి, ఆ శ్రమకు సిద్ధపడి ఈ మార్గమును ఎన్నుకొన్నవాడు మోసగాడు కాడు. చౌకగా ఉన్నదని మాత్రలు తెచ్చి, శునకమును పెరటిలో విచ్చలవిడిగా వదలి, 'వైద్యము చేయించుచున్నాము' అని చెప్పుకొనువాడే మోసగాడు. పశువుల కొరకు అమ్ము ఘాటైన ఐవర్‌మెక్టిన్‌ను తెచ్చి కంటితో కొలిచి పోయువారును, వెల్లుల్లి తినిపించువారును ఉన్నారట. మొదటిది విషమగును, రెండవది క్రిమిని చంపకపోగా శునకపు రక్తమునకే కీడు చేయును.

ధనము తగ్గించుకొనుటకు గౌరవప్రదములైన ఉపాయములు చాల కలవు. అంచనాను పద్దులవారీగా వ్రాసి ఇమ్మని అడుగవచ్చును. ఏ పరీక్ష తప్పనిసరి, ఏది ఆగగలదు అని వైద్యునే అడుగవచ్చును. మరియొక వైద్యుని అంచనా తీసికొనవచ్చును. డాక్సిసైక్లిన్ మనుష్యులకును వాడు మందే గనుక, చీటి వ్రాయించుకొని సామాన్య ఔషధశాలలో కొనినచో తక్కువకే దొరకవచ్చును. ధర్మసంస్థలు నడుపు చికిత్సాలయములు ఆ దేశమునను కలవు. అనాథశునకముల సంస్థకు దానిని చట్టప్రకారము అప్పగించి, సంస్థ ఖర్చుతో వైద్యము జరుగుచుండగా తమ యింటనే పెంచు ఏర్పాటును కొన్నిచోట్ల ఉన్నది. వాయిదాలపై చెల్లింపుమని కొందరు వైద్యులు ఒప్పుకొందురు. మా దంపతులు తుదకు ఒక ధర్మచికిత్సాలయమును వెదకి పట్టుకొని సూదుల మార్గమునే ఎన్నుకొనిరి.

ఇవన్నియు అడుగుటకు వారు మొదట సిగ్గుపడిరి. ప్రాణము విషయమున బేరమాడుట నీచమని వారి భావము. ఈ సిగ్గు మనవారిలో చాలమందికి కలదు. అది నాకు అర్థము కాదు. బసవేశ్వరుడు కళ్యాణమున బిజ్జలుని భాండాగారమునకు అధికారి. లెక్క వ్రాయుట, లెక్క చూచుట, లెక్క అప్పగించుట ఆయన నిత్యకృత్యము. ఆయన చేతిలో కలమునకును, హృదయములో దయకును వైరము రాలేదు. దయగలవాడు లెక్క చూడరాదనుట దయను ఎన్నడును మోయనివారు కల్పించిన మాట.

పరుల సాయము కోరుట యాచన కాదా యని మరియొక శంక. శరణులు యాచనను గర్హించిరి. కాయకమువలన వచ్చినదే దాసోహమునకు తగునని బోధించిరి. తన కొరకు అడుగుట వేరు, నోరులేని ప్రాణి కొరకు అడుగుట వేరు అని చెప్పి ఊరకుండవచ్చును. కాని ఆ భేదమును సాకుగా చేసికొని చందాలు పోగుచేసి బ్రదుకువారును లోకమున ఉన్నారు. ఇచ్చట ఆయ్దక్కి లక్కమ్మ కథ మనకు దారి చూపును. రాలిన బియ్యపుగింజలు ఏరి దాసోహము చేయు ఆ దంపతులలో భర్త మారయ్య ఒకనాడు అలవాటుకు మించిన బియ్యము తెచ్చెను. ఇంత మనకేల, అక్కడనే పోసి రమ్మని ఆ యిల్లాలు తిరిగి పంపెను. సాయము కోరువాడు వైద్యుని చీటి చూపి, తన చేతి భాగము ఇంత, కొరవ ఇంత యని చెప్పి, కొరవ తీరినంతనే 'చాలు' అనవలయును. 'చాలు' అన్న ఆ మాటయే యాచకునికిని శరణునికిని గల భేదము.

మరల అప్పగించుట పాపమా? ధర్మరాజు శునకమును విడిచి స్వర్గమునకు పోనొల్లకుండుట అందరును చెప్పు కథయే. కాని ఆ శునకము వెంట నడచుటకు అనుమతి తప్ప ధర్మరాజును ఏమియు అడుగలేదు. దానికి వైద్యవ్యయము లేదు. అంతకంటె పాల్కురికి సోమనాథుని బసవపురాణములోని కిన్నర బ్రహ్మయ్య కథ మన ప్రశ్నకు చేరువ. వధకు పోవుచున్న మేకను ఆయన ధనమిచ్చి విడిపించెను. వెల పుచ్చుకొన్నవాడు మరల వచ్చి మేకను కోరగా ఈయనొల్లడయ్యెను. తరువాతి కలహమును, దేవుడు సాక్ష్యము పలికిన యద్భుతమును పాఠకులెరుగుదురు. నా దృష్టి నిలిచినది మేకను తిరిగి ఈయనొల్లకుండుటపైన. వెల ఇచ్చుట ఒక క్షణపు పని; ఇచ్చిన తరువాత నిలబడుట వేరొక పని. అయినను ఇచ్చట ఒక విభాగము చేయవలయును. చంపువాని చేతికి ఈయకుండుట ఒకటి, కాపాడగలవాని చేతికి ఇచ్చుట మరియొకటి. తన కంటె శక్తిగల సంస్థకో గృహస్థునకో వ్యాధిసంగతి దాచక చెప్పి అప్పగించుట విడనాడుట కాదు. చీకటివేళ మరల ఆ అంగడి వెనుకనే దింపివచ్చుట విడనాడుట. అమెరికాలో జనసమ్మర్దముగల శునకాశ్రయములలో చోటులేక చికిత్సయోగ్యములైన ప్రాణులనుగూడ సూదితో నిద్రపుచ్చుదురు. ఆ సంగతి ఎరిగి అచ్చట విడిచివచ్చుటకు మాత్రము నేను మంచిమాట చెప్పలేను. క్రిములు గుండెను పూర్తిగా ఆక్రమించి, శస్త్రచికిత్సకును అందక, ప్రాణి నిమిషనిమిషము ఊపిరాడక బాధపడుచున్నపుడు ఆ నిర్ణయము వేరు. అది వైద్యునితో గూర్చుండి చేయవలసిన నిర్ణయము.

అప్పు చేయవచ్చునా? వలదని వ్రాసితిని. విలాసములు తగ్గించుకొనవచ్చును, పొదుపులో కొంత తీయవచ్చును. శిశువు పాలకు, ఇంటి అద్దెకు ఉంచిన ధనము తీయరాదు. అధికవడ్డీ కార్డుపై అప్పు చేసినచో ఆరు నెలలకు ఇంటిలో కలహము పుట్టి, ఆ కలహమునకు శునకమే కారణమగును. దయతో తెచ్చిన ప్రాణి ద్వేషమునకు గురియగును.

'మనుష్యులు పస్తులుండగా కుక్కకు వేలు ధారపోయుదురా' అను ఆక్షేపణ తప్పక వచ్చును. ముప్పది యేండ్లుగా పాఠశాలలో ఉన్నవాడను; రుసుము కట్టలేక చదువు మానిన పిల్లల ముఖములు నాకు జ్ఞాపకమున్నవి. ఆ పిల్లల కొరకు ఇల్లిల్లు తిరిగి అడిగినపుడు 'దేశములో ఇంతకంటె పెద్ద కష్టములు లేవా' అన్నవారిని చూచితిని. కుక్క కొరకు అడిగినపుడు పిల్లలను గుర్తు చేయువారు, పిల్లల కొరకు అడిగినపుడు మరియేదో గుర్తు చేయుదురు. పిల్లలకు ఇచ్చువారు సామాన్యముగా ఈ ఆక్షేపణ చేయరు. అయినను ఆక్షేపణలో సత్యాంశము లేకపోలేదు. ఒకే శునకమునకై సంఘపు ధనమంతయు వెచ్చించుట అన్యాయమే. అందుకే కొరవ ఇంతయని లెక్క చెప్పవలయునంటిని.

ఇంకొక శంక సూక్ష్మమైనది; ఇది ఒక విద్యార్థి నన్ను అడిగినది. సకలప్రాణులయందు దయ యన్నపుడు ఆ క్రిములు ప్రాణులు కావా? ఒక్క శునకమును బ్రదికించుటకు పదులకొలది జీవులను పాషాణముతో చంపుట ఎట్టి దయ? నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. క్రిమి తన స్వభావము చొప్పున బ్రదుకుచున్నది; దానికి శునకముపైన పగ లేదు. వైద్యునికి క్రిమిపైన పగ లేదు. కాని మనము చేతులు ముడుచుకొని కూర్చున్నచో అదియు ఒక నిర్ణయమే. శునకమును క్రిములకు అర్పించినట్లే. అప్పుడును ఆతిథేయి చచ్చిన పిమ్మట క్రిములును చచ్చును. మన నీడకు వచ్చిన ప్రాణికి మనపైన అధికమైన హక్కు కలదని నేను సమాధానము చెప్పితిని. రైతు పంటను కాపాడుకొనుటవంటిదే యిది యనియు చెప్పితిని. విద్యార్థి తల యూపినాడు గాని, ఆ సమాధానము నాకే సంపూర్ణముగా తృప్తి నీయలేదు. పండితులెవరైన ఇంతకంటె మేలైనది చెప్పినచో సంతోషింతును.

ఇష్టలింగపూజ జరుగు ఇంట శునకముండవచ్చునా యని కొందరు పెద్దలు అడిగిరి. హావినహాళ కల్లయ్య తన శునకముచేత వేదము పలికించెనని చెప్పుకొను సంప్రదాయమునకు చెందినవారు ఈ ప్రశ్న వేయుట నాకు వింతగా తోచినది. పూజాస్థలము శుచిగా ఉంచుకొనిన చాలును.

హృదయక్రిమి మన తెలుగుసీమలో తరచుగా వినబడు వ్యాధి కాదు. మన దేశమున ఈశాన్యరాష్ట్రములలో దాని వ్యాప్తి కలదు. మన వీధులలోని శునకములకు పిడుదులవలన వచ్చు జ్వరములు, గజ్జి, వాహనముల క్రింద విరిగిన కాళ్లు, అన్నిటికిని మించి పిచ్చికుక్కవ్యాధి భయము. ప్రభుత్వ పశువైద్యశాలలు మన మండలములలో ఉన్నవి గాని అవి ముఖ్యముగా ఆవులకు, గేదెలకు, మేకలకు ఏర్పడినవి. మన మఠముల జాతరలలో వేలమందికి దాసోహము జరుగును. విస్తళ్లు పారవేయు చోట పదుల శునకములు చేరును. ఆ దినములలోనే వానికి పిచ్చికుక్కవ్యాధి టీకాలు వేయించినచో ఊరికిని, శునకములకును రక్ష. మాకు చేరువనున్న ఒక పశువైద్యుని ఈ విషయమై అడిగితిని. నీడకు ఒక పందిరి, టీకామందు చెడకుండ మంచుపెట్టె, కుక్కలను పట్టుకొనుటకు జంకని నలుగురు యువకులు కావలయుననెను. ఆ యువకులకు ముందుగా టీకాలు వేయించి యుండవలయుననియు, జాతరకు నెల ముందే తనకు లేఖ వ్రాయవలయుననియు చెప్పెను.